అండమాన్ గుహలు: అసలు, వడ్డీ

(స్టాఫ్ కుటుంబాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



“మూడేళ్లు పోర్ట్ బ్లెయిర్ బ్రాంచిలో పనిచేసి వచ్చారు కదా, ఎల్‌ఎఫ్‌సీ మీద అండమాన్ వెళ్లేవాళ్లకు పనికొచ్చేలా ఓ అరగంట మాట్లాడండి” అన్నారు మన క్లబ్ సెక్రటరీ గారు. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. నా సర్వీసు రికార్డులో పాత పేరే ఉంది కాబట్టి నోటికి అదే వస్తుంది, సర్దుకోండి. సెల్యులార్ జైలు గురించి, హేవ్‌లాక్ బీచ్ గురించి నేను చెప్పక్కర్లేదు. మీ ఫోన్లలో నాకంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. అందుకని గుహల గురించి మాట్లాడదామని వచ్చాను. అండమాన్ ప్యాకేజీలో ‘బారాటాంగ్, ఒక రోజు’ అని ఉంటుంది చూడండి, అక్కడినుంచి మొదలుపెడతాను.

మనవాళ్లకు గుహలు కొత్త కాదు. అరకు వెళ్లిన ప్రతి కుటుంబం బొర్రా గుహల్లో ఫొటో దిగే ఉంటుంది. రాయలసీమలో పనిచేసినవాళ్లు బెలూం చూసి ఉంటారు. బెలూం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రికార్డులకెక్కిస్తే, దాదాపు నూరేళ్ల తర్వాత 1982, 83 సంవత్సరాల్లో గెబౌర్ అనే జర్మన్ ఆయన బృందం లోపలంతా కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. వాటితో పోలిస్తే బారాటాంగ్ సున్నపురాయి గుహ చాలా చిన్నది. లోపల తిరగడానికి అరగంట కూడా పట్టదు. లైట్లు లేవు, మెట్లు లేవు, టికెట్ కౌంటర్ దగ్గర మిరపకాయ బజ్జీలు లేవు. “ఇంత దూరం తీసుకొచ్చింది దీనికా?” అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అని తీరతారు. నేను ముందే చెప్తున్నాను, ఆ గుహకు వెళ్లే దారి గుహకంటే పెద్దది. ఆ దారిలోనే చిక్కు కూడా ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు గుహ ఎలా పుడుతుందో రెండు ముక్కలు. పిల్లలకు సైన్సు పరీక్షలో కూడా పనికొస్తుంది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. మన సోడా కంటే ఎన్నో రెట్లు పలచన. ఆ పలచని ఆమ్లం సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి, పగుళ్లను సందులుగా, సందులను గదులుగా చేస్తుంది. అదే నీరు గుహ పైకప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు అందులోని గ్యాస్ గాలిలోకి పోయి, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. పైనుంచి ఊడల్లా దిగేవి స్టాలక్టైట్లు, చుక్క పడిన చోట నేల మీంచి పుట్టలా లేచేవి స్టాలగ్‌మైట్లు. రెండూ కలిస్తే స్తంభం. అండమాన్ సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న పగడాల, గుల్లల గుట్ట. మన దేశం మోస్తున్న భూఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి దూరుతుండటం వల్ల ఆ అడుగు పైకి లేచి ద్వీపాలైంది. బారాటాంగ్‌లోనే బురద కక్కే చిన్న అగ్నిపర్వతాలూ ఉన్నాయి. చూడటానికి మన పెరట్లో సిమెంటు కలిపిన గుంటలా ఉంటుంది, పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

ఈ ఊడలు పెరిగే వేగం ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. అంటే మీ చిటికెన వేలంత పెరగాలంటే ఐదారు వందల ఏళ్లు. మనం ‘లాంగ్ టర్మ్’ అనే ఏ డిపాజిట్టూ ఈ లెక్కకు రాదు. అందుకే గైడు “చేత్తో ముట్టుకోవద్దు” అని ప్రతి మలుపులోనూ అరుస్తాడు. చేతి జిడ్డు అంటిన చోట నీటిచుక్క నిలవదు, సున్నం పట్టదు. అక్కడ పెరుగుదల ఆగి నల్లబడుతుంది. చెయ్యి అందే ఎత్తులో ఉన్నవి నల్లగా, అందని ఎత్తులో ఉన్నవి తెల్లగా ఉండటం అక్కడ మీకే కనిపిస్తుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. ఈ రాళ్లు పాస్‌బుక్కుల్లాంటివి. ఏ ఏడు పొర ఆ ఏడు పడుతుంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు అండమాన్ గుహ స్టాలగ్‌మైట్‌ను నిలువునా కోసి, పొరల్లోని ఆక్సిజన్ రకాలను కొలిచి, సుమారు 4,000 ఏళ్ల నైరుతి రుతుపవనాల చరిత్ర చదివి 2013లో ప్రచురించారు. వాన ఎక్కువ పడిన కాలపు పొరలో బరువైన ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, తక్కువ పడితే ఎక్కువ. రుతుపవనం మన తీరానికి రాకముందే అండమాన్‌ను తాకుతుంది. ప్రతి మే నెలలో టీవీలో ఆ వార్త కోసం మనం ఎదురుచూస్తాం. ఆ ఎంట్రీలు నాలుగు వేల ఏళ్లుగా ఓ చీకటి గదిలో పడుతూనే ఉన్నాయన్నమాట. సెల్ఫీ కోసం ఎవరో విరిచే ముక్క ఆ పుస్తకంలో ఓ పేజీ కావచ్చు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న గుహల దగ్గరికి వస్తాను. ఇవి టూరిస్టు ప్యాకేజీలో ఉండవు.

ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ ప్రాంతంలో చాలీస్ ఏక్ అనే గుహల సముదాయం ఉంది. నలభై ఒక్క గుహలు కాబట్టి ఆ పేరు అంటారు. హిందీ బాగా వచ్చినవాళ్లు వెంటనే పట్టుకుంటారు, నలభై ఒకటికి సరైన మాట ఇక్తాలీస్. చాలీస్ ఏక్ అంటే ‘ఓ నలభై’ అనే అర్థం కూడా వస్తుంది. అండమాన్ హిందీలో బెంగాలీ, తమిళం, తెలుగు, రాంచీ మాటలు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఎవరూ వ్యాకరణం పట్టించుకోరు.

ఆ గుహల్లో ఉండే పిట్టను అక్కడివాళ్లు హవాబిల్ అంటారు. పుస్తకాల్లో ఎడిబుల్ నెస్ట్ స్విఫ్ట్‌లెట్. మన వైపు వానకోయిల అంటామే, చూపుకు ఆ తరహా. పిడికిలిలో పట్టేంత. రోజంతా గాల్లోనే పురుగులు పట్టుకు తిని, సాయంత్రం గుహలోకి వస్తుంది. లోపల గబ్బిలం మాదిరిగానే శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి చీకట్లో దారి వెతుక్కుంటుంది. గబ్బిలం శబ్దం మనకు వినిపించదు, దీనిది వినిపిస్తుంది. టిక్ టిక్ టిక్ అని, పాత రోజుల్లో మన క్యాష్ కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టే మిషను శబ్దం గుర్తుకొస్తుంది.

ఇది గూడు పుల్లలతో కట్టదు. తన లాలాజలంతో కడుతుంది. సన్నటి దారంలా సాగదీసి, రోజుకో వరస చొప్పున గుహ గోడకు అంటిస్తూ నెల పైగా కష్టపడితే, అరచేతిలో సగం ఉండే తెల్లటి దొప్పలా తయారవుతుంది. అందులో రెండు గుడ్లు. చైనా వంటల్లో ఆ గూటితో చేసే సూప్‌కు వందల ఏళ్లుగా గొప్ప పేరు. హాంకాంగ్ దానికి పెద్ద మార్కెట్. తూకానికి తూకం వెండితో పోల్చే ధర. ఒక్కో గూడు పది గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కిలో కావాలంటే నూరు గూళ్లు, అంటే నూరు జంటల నెల రోజుల పని. దేశం బయట ఓ గిన్నె సూప్ కోసం చాలీస్ ఏక్‌లో నిచ్చెనలు వేశారు.

ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. బ్రిటిషువాళ్లు 1858లో ఖైదీల వలస పెట్టకముందే మలయా, బర్మా, చైనా వైపు నుంచి పడవలు ఈ తీరాలకు గూళ్ల కోసం, సముద్రపు జలగల కోసం వచ్చేవి. దొరికిన ద్వీపవాసులను బానిసలుగా పట్టుకుపోయేవి కూడా. అండమాన్ ఆదివాసులు బయటివాళ్ల మీద బాణాలు ఎందుకు వేసేవారని టూరిస్టులు అడుగుతుంటారు. జవాబులో కొంత భాగం ఈ గూళ్లలో ఉంది.

కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన డాక్టర్ రవి శంకరన్ 1990ల మధ్యలో ద్వీపద్వీపం తిరిగి, వందల గుహల్లో పాకి ఈ పిట్టలను లెక్కపెట్టారు. పదేళ్లలో 80 శాతానికి పైగా తగ్గాయని ఆయన తేల్చారు. కారణం చాలా మామూలుది. గూడు తీసేస్తే పిట్ట మళ్లీ కడుతుంది. మళ్లీ తీస్తే మళ్లీ కడుతుంది. ఆ సీజనంతా కట్టడంతోనే సరిపోయి, గుడ్డు పొదిగే యోగం ఉండదు. కొన్నిసార్లు గుడ్లు, పిల్లలు ఉన్న గూడునే ఊడదీసేవాళ్లు. గూళ్లు తీసేవాళ్లకు ఇది తెలియక కాదు. మా బ్రాంచికి వచ్చే ఓ పెద్దాయన ఉండేవారు, ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఆ మాట ఎత్తితే ఆయన అన్నారు: “పిట్ట పోతాదని ఆళ్లకి తెల్దేటి బాబూ? నాను ఒగ్గేస్తే రేపు మరొకడొచ్చి తీసుకుపోతాడు. అందుకే ఇయ్యాలే తీసెత్తారు.”

మేనేజ్‌మెంట్ కోర్సులో ఈ సమస్య మీద మాకు ఓ పెద్ద చాప్టర్ ఉండేది. పెద్దాయన రెండు వాక్యాల్లో తేల్చేశారు. మన భాషలో చెప్పాలంటే, ఖాతాదారు ఎవరో తెలియని ఖాతా, చెక్కుబుక్కు మాత్రం అందరి చేతిలోనూ ఉంది. అలాంటి ఖాతాలో బ్యాలెన్సు ఎన్నాళ్లు నిలుస్తుంది?

మామూలుగా అయితే ఇక్కడ నిషేధం వస్తుంది, కేసులు వస్తాయి, దొంగతనం రాత్రిపూటకు మారుతుంది. రవి శంకరన్ వేరే దారి పట్టారు. 1999లో అటవీశాఖతో కలిసి, అంతవరకు గూళ్లు తీస్తూ వచ్చినవాళ్లనే గుహలకు కాపలా పెట్టారు. ఏ గుహలో ఏ సందులో ఎన్ని గూళ్లు ఉంటాయో, ఏ రాయి జారుతుందో, దొంగ ఏ వైపు నుంచి వస్తాడో వాళ్లకు తెలిసినంతగా ఏ గార్డుకు తెలుస్తుంది? గుహల పక్కనే క్యాంపు వేసుకుని, సీజనంతా అక్కడే ఉండి, గూళ్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం వాళ్ల పని. కాపలా ఉన్న గుహల్లో పిట్టలు పెరగడం మొదలైంది. కాపలా లేనిచోట తగ్గుతూనే పోయాయి. ఇళ్ల చూరుల్లో గూళ్లు పెట్టే తెల్లపొట్ట స్విఫ్ట్‌లెట్ అనే మరో జాతి ఉంది. దాని గూట్లో ఈ పిట్ట గుడ్లు పెట్టి, దానిచేత పొదిగించే ప్రయోగం కూడా చేశారు. మన కాకి గూట్లో కోకిల గుడ్డు కథే, కాకపోతే ఇక్కడ గుడ్డు పెట్టింది మనుషులు.

రవి శంకరన్ ఆలోచన అక్కడితో ఆగలేదు. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూడు పిట్టకు అక్కర్లేదు. అప్పుడు తీస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ అమ్మకం డబ్బు కాపలా కాసినవాళ్లకు రావాలి. అసలు ముట్టకుండా వడ్డీతో బతకడం. మలేసియాలోని గోమంతోంగ్ గుహల్లో ప్రభుత్వ లైసెన్సు మీద రెండు విడతలుగా తీస్తారు. ఒకటి గుడ్లు పెట్టకముందు, రెండోది పిల్లలు ఎగిరిపోయాక. మధ్యలో గుహ మూసేస్తారు. మన దగ్గర దీనికి చట్టం అడ్డు వచ్చింది. పిట్టను కాపాడాలని వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న హోదా. దాంతో ఖాళీ గూడు ముట్టుకున్నా నేరమే అయింది. ఆ షెడ్యూలు నుంచి తప్పించి, కాపలాదారులకు ఆదాయం దక్కనివ్వమని వాదించినవాడు పిట్టల ప్రేమికుడే కావడం నాకు వింతగా, ఆ తర్వాత న్యాయంగా తోచింది. ఆయన తాను పనిచేసిన కేంద్రానికే డైరెక్టరై, కొద్ది కాలానికే 2009 జనవరిలో, నలభైల్లోనే కన్నుమూశారు.

ఆయన వాదన సరైనదేనా? ఇక్కడ అభిప్రాయభేదం ఉండవచ్చు. అమ్మకానికి తలుపు ఓరగా తీస్తే దొంగ గూళ్లు కూడా అందులోంచే పోతాయని భయపడేవాళ్ల మాట కొట్టిపారేయలేం. లోన్ రికవరీలో ఇరవై ఏళ్లు గడిపిన నాకు మాత్రం, మనిషి చేతికి ఏదీ దక్కని పథకం ఎక్కువ కాలం నిలిచినట్టు అనుభవం లేదు.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన చిక్కు. బారాటాంగ్ దారి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్‌కు రోడ్డున సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే లేచి బయల్దేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నీ వరసలో ఆగుతాయి. నిర్ణీత సమయానికి పోలీసు బండి ముందూ వెనకా ఉండి, వాటిని కాన్వాయ్‌గా తీసుకెళ్తుంది. ఎందుకంటే అక్కడినుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు రోడ్డు జరవాల అడవిలోంచి పోతుంది. అది వాళ్ల ఇల్లు. 2011 జనగణనలో వాళ్లు 380 మంది. మన జోనల్ ఆఫీసు పరిధిలో స్టాఫ్ అంతకంటే ఎక్కువ మందిమి ఉన్నాం. 1997, 98 వరకు వాళ్లు బయటివాళ్లను దగ్గరికి రానిచ్చేవారు కాదు. రానిచ్చిన మరుసటి సంవత్సరమే, 1999లో, వాళ్లలో తట్టు సోకింది. మన పిల్లలకు టీకాతో పోయే జబ్బు, వాళ్లలో మొత్తం జాతినే తుడిచిపెట్టగలదు.

2002లో సుప్రీంకోర్టు ఆ అడవి మేర రోడ్డు మూసేయమంది. మూయలేదు. 2012లో, జరవా స్త్రీల చేత తిండి ఆశ చూపి నాట్యం చేయిస్తున్న వీడియో ఒకటి బయటపడి ప్రపంచమంతా మనల్ని ఛీకొట్టింది. 2013 జనవరిలో కోర్టు టూరిస్టు బళ్లను ఆపింది. మార్చిలో మళ్లీ తెరుచుకుంది. ఆ కొన్ని వారాలు బారాటాంగ్ బోటు వాళ్లకు, గైడులకు పని లేకుండా పోయింది. వాళ్లూ బీదవాళ్లే, వాళ్లకూ పిల్లలున్నారు. అందుకే ఇది నల్లగానో తెల్లగానో తేలే విషయం కాదు.

నా అభిప్రాయం అడిగితే, సముద్రం మీదుగా వెళ్లే బోటు దొరికితే దాన్నే పట్టుకోండి. అది ఏ రోజుల్లో నడుస్తుందో అక్కడి టూరిజం ఆఫీసులో ముందే కనుక్కోండి. రోడ్డునే వెళ్లాల్సి వస్తే బండిలో కెమెరా, ఫోను సంచిలో పెట్టేయండి. అద్దాలు దించకండి, బిస్కెట్లు విసరకండి. చట్టప్రకారం జైలు శిక్ష ఉంది, అది వేరే సంగతి. కొందరు డ్రైవర్లు “లక్కుంటే జరవాలు కనపడతారు సార్” అని ఊరిస్తారు. “మేం వచ్చింది గుహ కోసం” అని చెప్పండి. పిల్లలు అడిగితే, ఎవరింటి ముందునుంచైనా పోతూ కిటికీలోంచి తొంగి చూస్తామా అని అడగండి. వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. నా చిన్న కూతురికి అర్థమైంది. నాతో వచ్చిన ఓ పెద్దమనిషికి మాత్రం చివరిదాకా అర్థం కాలేదు.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బళ్లతో సహా ఫెర్రీ ఎక్కి నీలంబూర్ జెట్టీలో దిగుతారు. అక్కడినుంచి స్పీడ్‌బోటు. మొదట విశాలంగా ఉన్న పాయ, పోనుపోను సన్నబడి, రెండు వైపులా మడచెట్ల వేళ్లు బోటుకు తగిలేంత దగ్గరికి వస్తాయి. కొమ్మలు నెత్తిమీద కలుసుకుంటాయి. కోరింగ మడ అడవి చూసినవాళ్లకు కూడా ఇది కొత్తగా ఉంటుంది. నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, చెయ్యి బయట పెట్టవద్దు. దిగాక అడవిలోంచి, ఓ చిన్న పల్లె పొలాల మీదుగా కిలోమీటరున్నర దాకా నడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆలోచించుకుని రండి. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. మంచినీళ్లు, ఇంటికి ఒక టార్చి తప్పనిసరి.

లోపలికి వెళ్లాక గైడు టార్చి వేసి ఇది తామరపువ్వు, ఇది ఏనుగు, ఇది శివుడి జడ అని చూపిస్తాడు. బొర్రాలో కూడా ఇదే వరస, అక్కడ శివలింగానికి పూజే జరుగుతుంది. బెలూంలో ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్నారు. మలేసియాలోని నియా గుహల్లో 1958లో దొరికిన పుర్రె వయసు 40,000 ఏళ్లకు అటూ ఇటూ అంటారు, పైకప్పులో ఈ హవాబిల్ చుట్టాలే గూళ్లు కట్టుకుంటాయి. చీకటి, చల్లదనం, నీటిచుక్క ఉన్నచోట మనిషి ఏదో ఒక రూపం వెతుక్కుంటాడు. నాకైతే ఏనుగు కనపడలేదు. గైడును ఒక్క నిమిషం టార్చి ఆర్పమని అడిగాను. ఆ చుక్క పడే శబ్దం వినండి, అదొక్కటి చాలు ప్రయాణం ఖర్చుకు.

భాష భయం పెట్టుకోకండి. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు. పోర్ట్ బ్లెయిర్ బజారులో “ఏ ఊరు బాబూ?” అని వాళ్లే పలకరిస్తారు. డిగ్లీపూర్ దాకా వెళ్లే ఓపిక ఉంటే చాలీస్ ఏక్ సంగతి అక్కడి అటవీశాఖ ఆఫీసులో అడగండి. వద్దంటే వెనక్కి రండి. పిట్టలు గుడ్లు పెట్టే కాలం సుమారుగా మన వేసవి సెలవులకు ముందే మొదలవుతుంది, మనం లోపల లేకపోవడమే వాటికి మేలు. నేనూ బయటినుంచే చూశాను.

అందుకే చాలీస్ ఏక్ లోపలి ఫొటోలు నా దగ్గర లేవు. బారాటాంగ్‌వి పన్నెండు తెచ్చాను. ప్రశ్నలుంటే అవి చూస్తూ మాట్లాడుకుందాం. వెనక వరస బాబూ, ఆ లైట్లు కొంచెం ఆర్పమ్మా.